నీలం పెన్సిలు కోత

వియన్నా,
1973 ఫిబ్రవరి 11

క్వేతక్కా,

నన్ను చెరిపేసింది నువ్వే. ఇంకెవరో కాదు, నువ్వే. థియేటర్ డైరెక్టర్ క్లాపల్ కాదు, పార్టీ కమిటీ కాదు, ట్యాంకులేసుకుని మన ఊరి చౌరస్తాలోకొచ్చి నిలబడ్డవాళ్ళు కూడా కాదు. వాళ్ళు కాగితం మీద సంతకాలు పెట్టారు, అంతే. రబ్బరు పట్టుకున్న చెయ్యి మాత్రం నీది.

పోకోరా తాత నిన్న వచ్చాడు. కూతుర్ని చూసుకోవడానికి మూడు వారాలు అనుమతి ఇచ్చారట. పెన్షనులో ఉన్న ముసలాడు పారిపోతే వాళ్ళకి ఒక నోరు తగ్గినట్టే కదా! పద్నాలుగేళ్ళు నా ఎదురుగా కూర్చుని కొమ్ము ఊదినవాడు. కాఫీలో చక్కెర కలుపుకుంటూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు: "మీ అక్కయ్య బాగానే ఉందయ్యా. నీ రాతలన్నీ చెరుపుతోంది. వయొలిన్ల పుస్తకాలు అయిపోయాయి, ఇప్పుడు చెల్లో పుస్తకాల మీద ఉంది."

కప్పు నా చేతిలోంచి జారలేదు. జారితే బాగుండేది.

పోస్టర్ల మీద నా పేరు తీసేసినప్పుడు నవ్వాను. నేను లేని కోర్టులో నాకు మూడేళ్ళు జైలు వేసినప్పుడు, ఎవర్ని పెడతార్రా లోపల అని ఇంకా గట్టిగా నవ్వాను. కానీ ఆ వాద్యాల పుస్తకాలు వేరక్కా. అందులో ప్రతి పేజీలో నా నీలం పెన్సిలు ఉంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ విల్లు పైకి లాగాలి, ఎక్కడ పుస్తకంలోంచి తలెత్తి నన్ను చూడాలి. అక్కడ చిన్న కళ్ళజోడు బొమ్మ గీసేవాడిని, గుర్తుందా? వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ పేరు పోస్టరు మీద ఉంటుంది. కండక్టర్ ఉండేది మాత్రం ఆ గుర్తుల్లో.

నువ్వేమంటావో నాకు తెలుసు. "ఆర్డరు వచ్చింది, పాతికేళ్ళుగా థియేటర్ సంగీత పుస్తకాల భాండాగారం తాళాలు నా నడుముకే ఉన్నాయి, నేను కాకపోతే ఇంకొకరు చేస్తారు" అంటావు. లోకంలో ప్రతి నీచపు పనికీ ఈ మూడు మాటలే కదా సాకు! ఇంకొకర్నే చెయ్యనివ్వాల్సింది. డెబ్భైలో, పొరుగు దేశాల ట్యాంకులు అరవై ఎనిమిదిలో మన మీదికి రావడం సోదర సహాయం అని సంతకం పెట్టమన్నప్పుడు నేను పెట్టానా? పెట్టలేదు. నా కండక్టర్ దండం లాక్కున్నారు. గోడౌన్లో దీపాలు తుడవమన్నారు. ఏడాది తుడిచి, రెండు రోజుల పర్యటనకని ఇక్కడికొచ్చి ఉండిపోయాను. నా దేశం పోయింది, నా భాష పోయింది. నీకు పోయేదేమిటి? ఒక తాళాల గుత్తి.

ఈ ఉత్తరాన్ని ఆవిరి పట్టి తెరిచే మహానుభావా, నువ్వూ చదువు. నీకూ చెల్లుతుంది.

రాదిమ్


క్రాస్లావ్,
మార్చి 2

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. కవరు మూతి తడిగా ఉంది, జలుబు చేసిందేమో పాపం.

అవును, చెరుపుతున్నాను. "ఉప్పుబండ్లవాళ్ళు" ఒపేరాకి ఈ ఏప్రిల్‌తో నూరేళ్ళు. రాసిన మేష్టారు మన ఊరివాడే కాబట్టి పండగ చెయ్యక తప్పదు. పైనుంచి అతిథులొస్తారు, పుస్తకాలు అద్దాల బీరువాలో పెట్టి చూపిస్తారు. అందుకని ఆర్డరు: "సదరు వ్యక్తి చేతిరాత థియేటర్ సంగీత సామగ్రిలో ఎక్కడా, ఏ రూపంలోనూ మిగలరాదు." సంతకం, ముద్ర, తేదీ. నేను ఉద్యోగిని. ఏ రూపంలోనూ అంటే ఏ రూపంలోనూ.

నీ నీలం పెన్సిలు రబ్బరుకి లొంగదు. ముందు బ్లేడుతో గీకాలి, తర్వాత నిన్నటి రొట్టె మెత్తన ముద్ద చేసి అద్దాలి. థియేటర్లో సంగీతం నకలు రాసే ముసలివాళ్ళు నేర్పిన పద్ధతి. రోజుకి రెండు పుస్తకాలు అవుతాయి. నేనేదీ వదలను. నీ కళ్ళజోళ్ళు తీసేశాను. పోకోరా తాత పుస్తకంలో "ఇక్కడ గురక పెట్టకు" అని రాశావే, అదీ తీసేశాను. మూడో అంకం కూడా గీకుతున్నాను. అక్కడ నీ రాత మరీ లోతుగా దిగింది, కాగితం చిరిగేలా గీశావు. అరవై తొమ్మిదిలో చెయ్యి వణికిందేమో నీకు.

కొత్త కండక్టర్ వస్తున్నాడు, ద్రహోష్ అని. ఇరవై ఎనిమిదేళ్ళు. మన ఊరు ఎప్పుడూ చూడలేదట.

నాకు పోయేది తాళాల గుత్తి అన్నావు. సరే. అంత చిన్నదాని గురించి ఇంత పెద్ద ఉత్తరం ఎందుకురా?

అక్క


వియన్నా,
మార్చి 19

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "నేనేదీ వదలను" అని గర్వంగా రాశావు. గర్వం! చరిత్రలో అన్ని ఘోరాలూ పళ్ళు కొరికేవాళ్ళు చెయ్యలేదు. నీలాగా పని శుభ్రంగా చేసేవాళ్ళు చేశారు. అంచులు సరిచూసి, దుమ్ము తుడిచి, తేదీ వేసి.

నేనొక మాట అడుగుతాను, సూటిగా జవాబివ్వు. ఆ క్లాపల్‌కి సంగీతం చదవడం కూడా రాదు. నువ్వు సగం చెరిపి సగం వదిలేస్తే కనిపెట్టగలడా? ఒక్క గుర్తు, ఎక్కడో బసూన్ పుస్తకంలో, ఒక్కటి దాచలేకపోయావా? దొంగచాటుగానైనా ఎదిరించలేనిదానివి, నా చేతిని చూసి వెక్కిరిస్తావా?

విను. అక్కడ చెరిపితే ఇక్కడ రాస్తాను. ఇక్కడి ఒక థియేటర్‌లో అక్టోబరు 13న "ఉప్పుబండ్లవాళ్ళు" నేనే నడిపిస్తున్నాను. జర్మన్‌లో కాదు, మన భాషలోనే పాడిస్తాను. రేడియోలో నేరుగా వస్తుంది. రెండేళ్ళు పిల్లలకి పియానో పాఠాలు చెప్పి, పెళ్ళిళ్ళలో వాయించి, మేనేజర్ల గుమ్మాల ముందు టోపీ పట్టుకు నిలబడి సంపాదించిన అవకాశం ఇది. ఎవడి దయా కాదు.

నీ దగ్గర నా రాత మిగల్లేదు కదా. నా దగ్గర ఉంది, తలలో. రా, వచ్చి బ్లేడుతో గీకు.

రాదిమ్


క్రాస్లావ్,
మే 6
(మళ్ళీ కూతురి దగ్గరికొస్తున్న పోకోరా తాత కోటు లోపలి గుడ్డలో. చదివి కాల్చెయ్యి.)

ఒరేయ్ రాదిమ్,

ఈసారి మధ్యలో ఎవరూ లేరు కాబట్టి తిట్లు కూడా మొత్తం రాస్తాను.

అరవై తొమ్మిది ఏప్రిల్ గుర్తుందా? నీకు గుర్తులేదు, అదే నా కోపం. నేను చెప్తాను. మూడో అంకంలో సుంకం గేటు దగ్గర బండ్లవాళ్ళ పాట. "గేటు తియ్యి, దారి మాది! ఎద్దు మాది, ఉప్పు మాది!" నలభై ఎనిమిది ఆవర్తాలు. ట్యాంకులొచ్చిన ఏడాది శరత్కాలంలో ఆ పాటకి హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది, నువ్వు రెండుసార్లు పాడించావు. తర్వాత క్లాపల్ పిలిచి, అది కోసెయ్యమన్నాడు. కోశావు. మనిద్దరం మూడు రోజులు నా భాండాగారం గదిలో కూర్చున్నాం. నేను ఒక్కో పుస్తకం అందిస్తుంటే నువ్వు నీలం పెన్సిలుతో "ఇక్కణ్ణించి ఇక్కడికి దూకండి" అని గీశావు. ముప్ఫై ఒక్క వాద్యాల పుస్తకాలు, కోరస్ పుస్తకాలు నలభై, నువ్వు చూసి నడిపించే పెద్ద స్కోరు పుస్తకం. "ఈ ఒక్కటీ ఒప్పుకుంటే మిగతా ఒపేరా బతుకుతుంది అక్కా" అన్నావు.

మరుసటి ఏడాది సంతకం పెట్టనన్నావు. దానికి నేను ఈ రోజుకీ నీకు దణ్ణం పెడతాను. కానీ ఒకసారి ఎదిరించినవాడికి, అంతకుముందు ఒప్పుకున్నది మర్చిపోయే హక్కు ఎవరిచ్చార్రా?

ఇప్పుడు బుర్ర పెట్టి ఆలోచించు. "సదరు వ్యక్తి చేతిరాత ఎక్కడా మిగలరాదు." ఆ కోత ఎవరి చేతిరాత?

ఆర్డరు చదివిన రోజు నేను గదికి గొళ్ళెం పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కోత ఒక్కటే తీస్తే నన్ను పట్టుకుంటారు. అంతా తీస్తే నేను విధేయురాలిని. అందుకని అంతా తీశాను. నీ ఊపిరి గుర్తులు, నీ కళ్ళజోళ్ళు, నీ హాస్యాలు, పద్నాలుగేళ్ళుగా ఆ పేజీల్లో ఉన్న నువ్వు. బసూన్ పుస్తకంలో ఒకటి దాచమన్నావే, దాచి ఉంటే మొత్తం కూలిపోయేది. సంతోషంగా చేశాననుకున్నావా? రొట్టె ముద్దకి నీళ్ళు అక్కర్లేకపోయింది. ఇంకేం చెప్పను.

ద్రహోష్ వచ్చాడు. బట్టతల మొదలైన మంచి కుర్రాడు, పాపం, ఎవర్ని చూసినా "కామ్రేడ్" అనాలా "అయ్యా" అనాలా తెలియక తడబడతాడు. శుభ్రమైన పుస్తకాలు చూసి మురిసిపోయాడు. "ఇంత నీటైన భాండాగారం నేనెక్కడా చూళ్ళేదండీ" అన్నాడు. మొదటి రిహార్సల్‌లో మూడో అంకం, సుంకం గేటు దగ్గరికొచ్చాం. నేను తలుపు పక్కన నిలబడ్డాను. వాయిస్తున్నవాళ్ళందరికీ తెలుసు ఇక్కడ దూకాలని, నాలుగేళ్ళుగా అదే అలవాటు. ఎవరూ దూకలేదు. పేజీ తిప్పారు. అంతే.

ద్రహోష్‌కి ఏదో అనుమానం తగిలినట్టుంది. చెయ్యి ఆపాడు.

"ఇక్కడేమైనా కోత ఉండేదా?"

అప్పుడు కోరస్‌లోంచి మన హెడ్విక, అరవై ఒక్కేళ్ళ హెడ్విక, అల్లుతున్న మేజోడు దించకుండానే అంది:

"మీ పుస్తకంలో ఉందా బాబూ?"

"లేదండీ."

"అయితే లేనట్టే కదా."

డ్రమ్ములాయన దగ్గాడు. ద్రహోష్ ఎర్రబడి, "మొదట్నించి" అన్నాడు.

ఆరు రిహార్సళ్ళు తమ్ముడూ. డెబ్భై మందికి పైగా. అందులో ముగ్గురు ఎవరికి కబుర్లు మోస్తారో మనందరికీ తెలుసు. ఆ ముగ్గురు కూడా నోరెత్తలేదు. ఎందుకో నన్నడగకు, నాకూ తెలీదు. బహుశా వాళ్ళకీ ఆ పాట ఇష్టమేమో. జనరల్ రిహార్సల్‌కి క్లాపల్ వచ్చాడు. రెండో అంకం కాగానే లేచిపోయాడు, ఎప్పటిలాగే. మూడో అంకం దాకా ఉంటే కాంటీన్‌లో సాసేజీలు అయిపోతాయి కదా.

ఏప్రిల్ 28. హాలు నిండింది. ముందు వరసలో అతిథులు. గేటు పాట మొదలైంది. మొదటి రెండు ఆవర్తాలు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక బాల్కనీలో ఒక కుర్చీ టప్పుమని మడతపడింది. మన కుర్చీలు తెలుసుగా, లేస్తే చాలు చప్పుడు. ఇంకొకటి. ఇంకో పది. తర్వాత వడగళ్ళు పడ్డట్టు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదురా. ఊరికే నిలబడ్డారు. పాట అయ్యేదాకా, నలభై ఎనిమిది ఆవర్తాలూ. ద్రహోష్ ఒక్కసారి వెనక్కి చూశాడు, మొహం సున్నం కొట్టినట్టయింది. కానీ చెయ్యి ఆపలేదు. ఆ మర్యాద ఆ కుర్రాడికి ఇవ్వాలి.

ఇంకో సంగతి. కొమ్ములవాళ్ళు నువ్వు నేర్పిన చోటే ఊపిరి తీసుకున్నారు. పుస్తకంలో ఏమీ లేదు. వాళ్ళకి గుర్తుంది.

సోమవారం విచారణ. క్లాపల్ బల్ల గుద్దాడు.

"కోత ఎవరు తీశారు?"

"మీరేనండీ, కామ్రేడ్ డైరెక్టర్." ఆర్డరు తీసి బల్ల మీద పెట్టాను. "ఆ కోత సదరు వ్యక్తి చేతిరాత. ఊళ్ళో నీలం పెన్సిలు ఆయనొక్కడిదే."

"ఆ కోత వేరు! అది... అది మన కోత!"

"వేరని ఇందులో రాయలేదండీ. ఎక్కడా, ఏ రూపంలోనూ అని రాశారు. చదివి వినిపించమంటారా?"

జిల్లా నుంచి వచ్చిన విచారణాధికారి రుమాలులోకి గట్టిగా చీదాడు. నవ్వాడని నేను ప్రమాణం చెయ్యను.

నా మీద నేరం నిలవలేదు. కాబట్టి శిక్ష వెయ్యలేదు, "సిబ్బంది సర్దుబాటు" చేశారు. ఇప్పుడు పాల డెయిరీలో సీసాలు కడుగుతున్నాను. హెడ్వికని ఇంటికి పంపారు. ద్రహోష్‌ని ఎక్కడో సరిహద్దు ఊళ్ళో సైనికుల బ్యాండుకి పంపారు. ఒపేరా ఆ ఒక్క రోజుతో ఆగిపోయింది. తాళాల గుత్తి నిజంగానే పోయింది, చూశావా, నీ నోటి వాక్కు.

అయినా ఆ రోజు పాడాం. దాన్ని ఏ బ్లేడూ గీకలేదు.

నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ పొయ్యిలో వేశాను. కోపంతో కాదు, చలికి.

అక్క


వియన్నా,
జూలై 22
(పోకోరా తాత చేతికిచ్చి)

అక్కా,

నీ ఉత్తరం చదువుతున్నంతసేపూ పోకోరా తాత ఎదురుగా కూర్చుని కేకు తింటూ నా మొహం చూశాడు. చివర్లో "ఇంకో ముక్క తెప్పించు" అన్నాడు. నాకంతకంటే పెద్ద శిక్ష వెయ్యలేదు.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమిస్తావు, అప్పుడు నాకు తేలికైపోతుంది. అరవై తొమ్మిది ఏప్రిల్‌ని నేను నిజంగానే మర్చిపోయాను. మర్చిపోయినట్టు నటించలేదు. అదే భయంగా ఉంది.

కానీ రెండు సంగతులు చెప్పాలి, నువ్వు వేరేవాళ్ళ నోట వినకముందే.

ఒకటి. ఇక్కడి ఒక పత్రికవాడికి ఆ రాత్రి గురించి ఎలాగో తెలిసింది. నన్ను అడిగాడు. నేను పేర్లు చెప్పలేదు, ఒట్టు. వాడు మాత్రం "ప్రవాసంలో ఉన్న కండక్టర్ సంకల్పానికి లేచి నిలబడ్డ ఊరు" అని రాశాడు. నా బొమ్మ వేశాడు. దిద్దమని ఉత్తరం రాద్దామనుకున్నాను. ఆ వారమే టిక్కెట్లన్నీ అమ్ముడయ్యాయి. రాయలేదు.

రెండు. ఇక్కడి థియేటర్ మేనేజర్ ప్రుక్ల్ పిలిచాడు. అక్టోబరులో మన దేశపు వాణిజ్య బృందం వియన్నా వస్తోందట. ప్రారంభానికి వాళ్ళని పిలవాలని పైవాళ్ళ కోరిక. "మేస్ట్రో, సుంకం గేటు పాట మొదటి రోజుకి మాత్రం తగ్గిద్దామా? రెండో ప్రదర్శన నుంచి పూర్తిగా పెట్టుకోండి. మీ ఇష్టం. నేను బతిమాలుతున్నానంతే" అన్నాడు. రేడియోలో వచ్చేది మొదటి రోజుదే.

ఇక్కడ పద్ధతి వేరక్కా. ఎవరూ ఆజ్ఞాపించరు. భుజం మీద చెయ్యేసి కాఫీ పోస్తారు. ఆజ్ఞకి ఎదురు తిరగడం నాకొచ్చు. బతిమాలినవాడికి ఎలా ఎదురు తిరగాలో నేర్చుకోలేదు. ఈ థియేటర్ పోతే ఇంకోటి లేదు. యాభై రెండేళ్ళు నాకు. మళ్ళీ పెళ్ళిళ్ళలో వాయించాలి. ఒక్క రోజు కోతకి ఒప్పుకుంటే మిగతా ఒపేరా మొత్తం, మన భాషలో, మన ఊరి మేష్టారి సంగీతం, ఈ గడ్డ మీద మొదటిసారి. నువ్వే ఆలోచించు.

ఇంకా ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు.

రాదిమ్


క్రాస్లావ్,
సెప్టెంబరు 3

ఒరేయ్ రాదిమ్,

రెండు ప్రతులు రాస్తున్నాను. ఒకటి చేతికిచ్చి పంపడానికి, ఒకటి పోస్టుకి. తెరిచేవాడు చదువుకోనీ. అతనికీ ఇంట్లో రేడియో ఉంటుంది.

నీతో వాదించను. నువ్వు రాసిన "ఒక్క రోజు కోతకి ఒప్పుకుంటే" అనే వాక్యాన్ని పైకి చదువుకో. అదే మాట, అదే గొంతు, నాలుగేళ్ళ తర్వాత. అప్పుడు నీ మీద ట్యాంకుంది, అది చూసి నేను నోరు మూసుకుని పుస్తకాలందించాను. అది నా తప్పు. ఇప్పుడు నీ మీద ఉన్నది కాఫీ కప్పు. ఈసారి అందించను.

ఆజ్ఞకీ బతిమాలడానికీ తేడా ఉందంటావు. పాటకి లేదు. ఎవడు ఎంత మర్యాదగా కోసినా పాడనిది పాడనిదే. నువ్వు దేశం పోగొట్టుకున్నది థియేటర్ కోసమైతే, ఇక్కడే ఉండి దీపాలు తుడుచుకోవాల్సింది. దేనికోసం పోగొట్టుకున్నావో నువ్వు మర్చిపోతే గుర్తు చెయ్యడానికి నాకు రోజూ వెయ్యి సీసాల పక్కన బోలెడు తీరిక ఉంది.

యాభై రెండేళ్ళంటావు. మేజోడు అల్లే ఆవిడకి అరవై ఒకటి. ఆమె ఇప్పుడు చర్చి వెనక పిల్లలకి గేటు పాట నేర్పుతోందని ఎవరో అన్నారు. నేను వినలేదు, చూడలేదు, సంతకం అడిగినా పెట్టను.

మా డిమాండ్లు ఇవి. మా అంటే ఎవరెవరో నీకు చెప్పను.

ఒకటి. అక్టోబరు 13న, మొదటి రోజే, అతిథులు హాల్లో ఉండగానే, గేటు పాట నలభై ఎనిమిది ఆవర్తాలూ వాయించాలి. నలభై ఏడు కాదు.

రెండు. ప్రుక్ల్‌కి ఈ వారమే, కాగితం మీద, "కుదరదు" అని రాసివ్వాలి. కారణాలు చెప్పకూడదు. కారణాలు చెప్తే బేరం మొదలవుతుంది.

మూడు. వాళ్ళు ఒప్పుకోకపోతే దండం బల్ల మీద పెట్టి బయటికి రావాలి. పెళ్ళిళ్ళలో వాయించడం అవమానం కాదు.

నాలుగు. ఆ పత్రికకి నువ్వు ఉత్తరం రాయాలి: "అరవై తొమ్మిదిలో కోత పెట్టింది నేను, తీసింది మా థియేటర్ ఆర్డరు, పాడింది కోరస్, నిలబడింది ఊరు." నీ బొమ్మ లేకుండా వెయ్యమని అడగాలి.

ఐదు. ఎవరి పేరూ రాయకూడదు. మేమింకా ఇక్కడే ఉన్నాం.

ఆరు. పాట నెమ్మదిగా వాయించకూడదు. దుఃఖంగా అసలు వాయించకూడదు. బండ్లవాళ్ళు అడుక్కోవడం లేదు, గేటు తియ్యమంటున్నారు.

ఏడు. దీనికి జవాబు రాయకూడదు. ఆ రోజు ఏడున్నరకి ఇక్కడ కిటికీలు తీసి రేడియోలు పెడతాం.

అక్క